అరిగిన మెట్లు

మా కొట్టు బోర్డు మీద ఇప్పటికీ
‘ఓస్‌గుడ్ అండ్ సన్’ అనే ఉంటుంది.
సన్ ఎవరూ లేరు. ఉన్నది కూతురు, నేనే.
గ్రిమ్స్‌బీ రేవు వెనక, హాడక్ చేపలకు పొగబెట్టే కొట్ల ఎదురుగా
గిటార్లకు అరిగిన మెట్లు పీకి కొత్తవి దిగ్గొట్టడం నా పని.

నెవిల్ థ్రెల్‌ఫాల్ మొదటిసారి వచ్చినప్పుడు
నాకు పదకొండేళ్లు, అతనికి పంతొమ్మిది.
ఎంత కడిగినా చేతులకు చేపల వాసన.
చంకలో వాయిదాల మీద కొన్న గిటారు,
ఇంకా పద్నాలుగు వాయిదాలు బాకీ.
నాన్న దాన్ని దీపం కింద తిప్పి చూసి
“మూడో మెట్టొక్కటే ఇలా అరిగిందేమిటయ్యా,
ఇల్లంతా వదిలేసి గడపలోనే కాపురమా?” అన్నాడు.
నెవిల్ చెవులు ఎర్రబడ్డాయి.
ఓడ వంటవాడొకడు తనకు పాత రికార్డు అమ్మాడని,
అందులో అలొంజో టిబ్స్ అనే ఆయన
ఆ మెట్టు మీదే ఏడుస్తాడని,
ఆ ఏడుపు తనకింకా పట్టుబడలేదని
నేలచూపులు చూస్తూ చెప్పాడు.
నాన్న నవ్వలేదు.
“అది మెట్టు మీద లేదు బాబూ.
మూడుకీ నాలుగుకీ నడుమ ఎక్కడో ఉంది.
అక్కడ మెట్టు వేయడం నా వల్ల కాదు.”

తర్వాతి సంగతులు నాకు మెట్లే చెప్పాయి.
అరవై ఎనిమిదిలో లండన్ నుంచి
గిటారొక్కటే రైలు పార్సెల్లో వచ్చింది.
పన్నెండు దాటాక ప్రతి మెట్టూ గుంటలు పడి ఉంది.
పెద్ద హాళ్లు, మనిషెత్తు స్పీకర్లు,
పైకి పోయినకొద్దీ జనం ఈలలు వేస్తారట.
వీపున బెల్టు గీరిన గీతలు,
తల దగ్గర సిగరెట్ కాల్చిన మచ్చ,
పెట్టె నిండా విమానాల చీటీలు.
పత్రికలో ఫోటో కూడా పడింది:
వెల్వెట్ కోటు, మూసిన కళ్లు, తెరిచిన నోరు.
“పన్నునొప్పి కాబోలు, పాపం” అంది అమ్మ.

ఆ మూడో మెట్టు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.
నాన్న దాని మీద గోరు ఆనించి
ఏమీ అనకుండా తీగలు బిగించాడు.

డెబ్బై రెండులో గిటారు రాలేదు.
డెబ్బై మూడులోనూ రాలేదు.
కబుర్లు వచ్చాయి.
మెంఫిస్‌లో టిబ్స్ దొరికాడట,
ఓ బడిలో రాత్రిపూట నేల తుడుస్తూ.
తన పాటే మూడు ఆల్బమ్‌ల మీద
ఇంకొకరి పేరుతో అమ్ముడుపోయిందని
ఆయనకు తెలియదట.
మూడింటి వరకూ నోరు మెదపని నెవిల్
నాలుగోదానికి బల్ల గుద్దాడు: ఆయన పేరు వేయాల్సిందేనని.
పేరు పడలేదు. బ్యాండ్ విరిగింది.
మేనేజర్ పోర్చుగల్‌లో ఇల్లు కట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి రేవులో పడవలు సగం లేవు.
నెవిల్ ఇరవై ఆరేళ్లు ఇళ్లకు తివాచీలు పరిచాడు.
మధ్యలో ఒకసారి గిటారు తెచ్చాడు,
తీగలు తుప్పు పట్టి వేలికి ఎర్రగా అంటుతున్నాయి,
మెట్లు నాన్న వేసినవి వేసినట్టే ఉన్నాయి.
అరిగినవాటిని చూస్తే నాకెప్పుడూ భయం లేదు.
ఆ రోజు వేసింది.

ఇప్పుడు ప్రతి బుధవారం
క్లీథార్ప్స్‌లో ఓ పబ్బు వెనకగదిలో వాయిస్తాడు.
ఇరవై మంది, ఒక కుక్క.
మొదట టిబ్స్ పేరు చెప్తాడు, తర్వాతే తీగ ముడతాడు.
వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి.

పోయిన నెల తీగలు మార్చమని ఇచ్చి వెళ్లాడు.
ఎప్పటి లావువే వేయమన్నాడు.
నేను సన్నవి వేశాను, చెప్పలేదు.

వచ్చి, స్టూలు మీద కూర్చుని,
మూడో మెట్టు మీద వేలు పెట్టి లాగాడు.
తీగ ఒకచోట ఆగింది. ఎక్కడో నేను చెప్పలేను.
ఎదురుగా పొగకొట్టు కుర్రాడు
చేపల పెట్టె దించబోయి
భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు.

నెవిల్ నా వంక చూశాడు.
“మీ నాన్న కూడా ఇంతే,
అడగకుండా సన్నవి వేసేవాడు.”

పన్నెండు పౌండ్లు, అన్నాను.
పది ఇచ్చాడు.
అది మాత్రం అరవై మూడు నుంచీ మారలేదు.